కోడి పిండం కల్చర్‌లో గుండె గొట్టాలు కలవడం లేదు, కారణం ఏమై ఉంటుంది?

ఫిల్టర్ పేపర్ రింగు మీద కోడి పిండాలు పెంచేవాళ్లు దయచేసి చెప్పండి.

గుడ్లను 38 డిగ్రీల దగ్గర 26–29 గంటలు పొదిగించి, 4 సోమైట్ల (వెన్ను పొడవునా జతలుగా ఏర్పడే కణాల ముద్దలు) దశలో తీస్తున్నాం. మీడియం: పల్చని తెల్లసొన, అగర్ కలిపిన సెలైన్ సమపాళ్లలో (చివరికి అగర్ 0.3 శాతం), కొంచెం గ్లూకోజ్. 35 మి.మీ. డిష్‌కు 2.5 మి.లీ. పిండం పొట్టవైపు పైకి ఉంటుంది.

10 సోమైట్లు వచ్చేసరికి గుండెకు మూలమైన రెండు గొట్టాలూ మధ్యలో కలిసి ఒకటై, కుడివైపు వంగడం మొదలుకావాలి. కొన్నింటిలో అవి విడివిడిగానే ఉండి, రెండూ కొట్టుకుంటున్నాయి. సోమైట్లు, మెదడు మాత్రం మామూలుగానే ఎదుగుతున్నాయి. గుడ్డులోనే వదిలేసినవాటిలో ఈ లోపం లేదు, కాబట్టి ఇంక్యుబేటర్‌ను అనుమానించడం లేదు.

గుండె కణాలు వాటంతట అవే మధ్యకు రావు. కింద ఉన్న ఎండోడర్మ్ (పేగుగా మారే లోపలి కణాల పొర) ముడుచుకుంటూ ముందరి పేగును మూస్తేనే వాటిని దగ్గరకు లాగుతుంది. ఆ పేగు ద్వారం అంచు చిరిగితే ఫలితం సరిగ్గా ఇలాగే ఉంటుంది. అందుకే పచ్చసొన కడిగేటప్పుడు పిపెట్ ధార అక్కడ తగులుతోందేమోనని అనుమానం.

ఇంకొకటి, విటెలైన్ పొర (పచ్చసొన చుట్టూ ఉండే, పిండాన్ని రింగుకు పట్టి ఉంచే పొర) బిగువు. వదులైతే ముడతలు, మరీ బిగిస్తే పక్కలకు లాగుడు. సరైన బిగువును మీరు కంటితో ఎలా గుర్తుపడతారు? పొట్టవైపు నిలిచిన సెలైన్‌ను పూర్తిగా తీసేస్తారా, పల్చగా ఉంచుతారా? 7 సోమైట్ల దాకా ఆగి తీస్తే కలయిక అప్పటికే మొదలైపోతుంది, మాకు మొదటినుంచీ చూడాల్సింది ఆ కలయికే.