అప్‌డేట్: లాబ్రడార్‌తో పారిస్ తిరిగొచ్చాం

జర్మనీ నుంచి మా కుక్క బ్రూనోని పారిస్ తీసుకెళ్తే మెట్రో ఎక్కనిస్తారా, పేపర్లు ఏం కావాలి అని ఇక్కడ అడిగాను కదా. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది, మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) ముందే అలవాటు చేయమన్న సలహా. మెట్రోలో, ఆర్ఈఆర్ అనే శివారు రైళ్లలో పెద్ద కుక్కలకు మజిల్, లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) రెండూ తప్పనిసరి. మజిల్ లోపలి అంచుకి కాస్త పీనట్ బటర్ రాసి పట్టుకుంటే వాడే మూతి దూర్చేసి, అంతా నాకేదాకా కదిలేవాడు కాదు. జైలిటాల్ అనే తీపి పదార్థం లేని పీనట్ బటరే కొనండి, అది కుక్కలకు విషం. సిటీ బస్సుల్లోకి పెద్ద కుక్కల్ని రానివ్వరు, కాబట్టి మెట్రో, నడకే.

లక్సెంబర్గ్ గార్డెన్‌లో కుక్కలకు కొంత భాగమే వదిలారు. వాడికి బాగా నచ్చింది బ్యూట్ షోమో పార్కు, ఎత్తుపల్లాలతో గడ్డి మైదానాలు, లీష్‌తో హాయిగా తిరిగాడు.

హెల్త్ సర్టిఫికెట్ గురించి పడ్డ టెన్షన్ మాత్రం అనవసరం. యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల మధ్య మైక్రోచిప్, రేబిస్ టీకా, పెట్ పాస్‌పోర్ట్ చాలు. ఇండియా నుంచి నేరుగా తెచ్చేవాళ్లకు ఇది వర్తించదు. టీకా పనిచేసిందో లేదో చూసే రేబిస్ యాంటీబాడీ రక్తపరీక్ష చేయించి, శాంపిల్ తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాలి, కాబట్టి చాలా ముందే మొదలుపెట్టండి.