పాత మోటర్‌హోమ్‌కు షాక్ అబ్జార్బర్లు: ఏ కంపెనీవి కొనాలి?

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి

అందరికీ నమస్కారం. మేము హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. ఇక్కడివాళ్లను చూసి మాకూ ముచ్చటేసి ఒక పాత మోటర్‌హోమ్ (లోపలే వంటిల్లు, మంచాలు ఉండే బండి) కొన్నాం. క్లాస్ సి (వ్యాను ముందు భాగం వెనక ఇల్లు కట్టిన రకం), 2004 మోడల్, 28 అడుగుల పొడవు, కింద ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ (ఇంజనూ చక్రాలూ ఉండే చట్రం). వేసవిలో ఖమ్మం నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లను కొలరాడో తీసుకెళ్లాలని కోరిక. కానీ బండి తోలాలంటే గుండె దడదడలాడుతోంది. పక్కనుంచి పెద్ద లారీ దాటితే చాలు, బండి అటు లాగేస్తుంది. కాంక్రీటు రోడ్డు అతుకుల మీద అరల్లోని గిన్నెలన్నీ మోగుతాయి. వెనక భాగం కాస్త కుంగినట్టు కూడా ఉంది. దగ్గర్లోని గ్యారేజీలో అడిగితే నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్పిస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు. మన్రో, బిల్‌స్టీన్, కోని అని మూడు పేర్లు చెప్పారు. ఏవి తీసుకోమంటారు?

శాన్ ఆంటోనియో నుంచి

తమ్ముడు గారూ, ముందుగా స్వాగతం. ఇక్కడికి రాకముందు కొన్నేళ్లు ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు చెప్పిన మూడు బాధల్లో షాక్ అబ్జార్బర్లు తీర్చగలిగేది ఒకటి, మహా అయితే ఒకటిన్నర. బండి బరువు మోసేది అవి కావు. మీ ఈ-450లో వెనక కమాన్ కట్టలు, ముందు కాయిల్ స్ప్రింగులు ఆ బరువు మోస్తాయి. గుంటలో పడి లేచిన స్ప్రింగు అలా ఊగుతూనే ఉండకుండా ఆపడమే షాక్ అబ్జార్బర్ పని. లోపలి నూనెను సన్నని దారుల గుండా నెట్టి ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. కనుక వెనక కుంగితే కొత్త షాకులు దాన్ని పైకి ఎత్తవు. కొన్నిటికి చుట్టూ అదనపు స్ప్రింగు చుట్టి, బరువు కూడా మోస్తాయని అమ్ముతారు. వాటి జోలికి వెళ్లకండి. షాకును పట్టి ఉంచే బ్రాకెట్లు బండి బరువు మోయడానికి చేసినవి కావు.

లారీ దాటినప్పుడు లాగేయడానికి వేరే కారణాలు వెతకాలి. మీ బండికి వెనక చక్రాల తరువాత బోలెడు భాగం వేలాడుతుంది. పల్లెవెలుగు బస్సులో ఆఖరి సీటులో కూర్చున్నవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ బరువు పెరిగేకొద్దీ ముందు ఇరుసు తేలికవుతుంది, స్టీరింగు రోడ్డును గట్టిగా పట్టుకోదు. దానికి తోడు పాతబడిన టైర్లు, అరిగిన బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు), సరిగా లేని అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక). వీటిని వదిలేసి షాకులు మాత్రమే మారిస్తే డబ్బు పోతుంది, భయం పోదు.

అందుకని ముందు బండిని తూకం వేయించండి. హైవే పక్కన లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకుల్లో క్యాట్ స్కేల్ అని కనిపిస్తుంది. పదీ పదిహేను డాలర్లు తీసుకుంటారు. మొత్తం బరువు ఒక్కటే తెలిస్తే చాలదు, ముందు ఇరుసు ఒక పలక మీద, వెనక ఇరుసు ఇంకో పలక మీద ఉండేలా ఆపాలి. చీటీలో రెండూ విడివిడిగా వస్తాయి. వాటిని డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరుతో పోల్చి చూడండి. ఆ కాలపు ఈ-450లో మొత్తం పరిమితి సాధారణంగా 14,050 పౌండ్లు. అందులో ముందు ఇరుసుకు 4,600, వెనక ఇరుసుకు 9,450. మీ స్టిక్కరు మీద ఏముంటే అదే లెక్క. ప్రయాణానికి ఎలా వెళ్తారో అలాగే నింపుకుని తూచండి.

తరువాత టైర్లు. పైన గాట్లు ఎంత లోతుగా ఉన్నా మోసపోవద్దు. మోటర్‌హోమ్ టైర్లు అరిగి పోయేకంటే కూర్చుని ముసలివై పోయేవే ఎక్కువ. పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైనదని. పదేళ్లు దాటితే చూడటానికి ఎంత నల్లగా నిగనిగలాడినా తీసేయండి. వెనక జంట చక్రాల్లో లోపలి టైరుదీ చదవాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు. ఆ లోపలి టైరు గాలి కూడా కొలవాలి. దాని వాల్వుకు పొడుగు గొట్టం తగిలించి ఉంటే అది వదులై గాలి కారుతోందేమో చూడండి.

మూడోది ముందు భాగం. ఈ-450లో ముందు ఇరుసు రెండు దూలాలుగా ఉంటుంది. ఆ దూలాలను ఛాసిస్‌కు పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్ బుష్‌లు ఇన్నేళ్లకు నలిగిపోయి ఉంటాయి. బాల్ జాయింట్లు, స్టీరింగు లింకులు కూడా చూపించండి. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ‘క్యాస్టర్ ఎంత ఉంది, ఎంతకు తెచ్చారు’ అని అడిగి కాగితం తీసుకోండి. చక్రం తనంతట తాను నేరుగా వచ్చి నిలబడేది ఆ కోణం వల్లే. ఈ బండ్లకు అయిదు డిగ్రీల చుట్టుపక్కల ఉంటే బాగుంటుంది. బాల్ జాయింట్ల దగ్గర ఫ్యాక్టరీలో వేసిన స్లీవులతో (తొడుగులతో) దాన్ని మార్చలేరు, కోణం సర్దగలిగే స్లీవులు వేయించాలి. కార్లు మాత్రమే చూసే చోటికి వెళ్తే ‘అంతా పచ్చలోనే ఉంది’, అంటే పరిమితి లోపలే ఉంది, అని పంపేస్తారు. ట్రక్కులు చూసే అలైన్‌మెంట్ షాపుకు వెళ్లండి.

ఇక షాకుల సంగతి. మూలను చేత్తో నొక్కి వదిలి చూడటం కార్లకు సరే, ఇంత బండికి పనికిరాదు. అరగంట తోలి వచ్చి దిగగానే నాలుగింటినీ వేలితో మెల్లగా తాకి చూడండి. పని చేసేది వెచ్చగా ఉంటుంది. మూడు వెచ్చగా, ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది చచ్చిపోయిందని. గొట్టం మీద పలుచగా తేమ ఉంటే ఫరవాలేదు. నూనె కారి దుమ్ముతో ముద్దకట్టి ఉంటే మార్చాల్సిందే. టైరు గాట్లు ఒక వరుసలో అక్కడక్కడ గుంటలుగా అరిగినా అనుమానించాలి.

మీరు చెప్పిన మూడింటిలో మన్రో చవక. రెండు గొట్టాల రకం, మెత్తగా ఉంటుంది. ఏడాదికి నాలుగైదు వారాంతాలు చెరువు గట్టుకు వెళ్లి వచ్చేవాళ్లకు అది చాలు. ఎగుడుదిగుడు దారిలో గంటల తరబడి పోతే నూనె వేడెక్కి పట్టు సడలుతుంది. బిల్‌స్టీన్‌ది ఒకే గొట్టం. నూనెకూ, ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్‌కూ మధ్య తేలియాడే పిస్టన్ అడ్డుగా ఉంటుంది కాబట్టి నూనె నురగ కట్టదు. వేడి నేరుగా బయటి గోడ నుంచి పోతుంది. ఎప్పుడూ బరువుతోనే తిరిగే మీలాంటి బండికి నేను అదే చెబుతాను. దానికీ ఒక బలహీనత ఉంది. రాయి తగిలి గొట్టం సొట్టపడితే లోపలి పిస్టన్ ఇరుక్కుంటుంది. కోని గురించి అది వాడేవాళ్లే చెప్పాలి.

ఏది కొన్నా బండి పైన రాసిన కంపెనీ పేరు చెప్పి కొనకండి. పైన ఇల్లు కట్టినవాడు వేరు, కింద ఛాసిస్ ఇచ్చినవాడు వేరు. పైగా 2004 మోడల్ ఇంటి కింద 2003 ఛాసిస్ ఉండటం మామూలే. విన్ నంబరులో (బండి గుర్తింపు సంఖ్యలో) పదో అక్షరం చూడండి, 3 ఉంటే 2003, 4 ఉంటే 2004. ఆ సంవత్సరం, ఈ-450 అనే పేరు చెప్పి భాగం నంబరు తీయించండి. ఈ-350కి సరిపోయేది ఇచ్చి ‘రెండూ ఒకటేనండీ’ అంటే ఒప్పుకోకండి. స్టీరింగు దగ్గర అడ్డంగా, షాకులాగే ఊపు తగ్గించే ఒక చిన్న డ్యాంపరు ఉంటుంది, దాన్నీ అదే చేత్తో మార్పించండి. చాలామంది నాలుగు మార్చి ఆ అయిదోదాన్ని అలాగే ఉంచేస్తారు.

ఫీనిక్స్ నుంచి

పెద్దాయన చెప్పిన వరుస సరైనదే. బిల్‌స్టీన్ దగ్గరే నాకు కొంచెం పేచీ. మాది క్లాస్ ఎ (బస్సు ఆకారంలో ఉండేది), ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్. ముందూ వెనకా కమాన్ కట్టలే. ముందు బిల్‌స్టీన్ వేయించాం. ఊగడం తగ్గింది కానీ చిన్న చిన్న అతుకుల దెబ్బ నడుముకు తెలుస్తూనే ఉండేది. తరువాత కోనిలో ఎఫ్‌ఎస్‌డీ అనే రకం వేయించాను. అందులో ఒక వాల్వు ఉంటుంది. బండి మెల్లగా పైకీ కిందకీ ఊగితే షాకు గట్టిపడుతుంది. రోడ్డు అతుకుల్లాంటి గబగబా వచ్చే దెబ్బలకు ఆ వాల్వు తెరిచే ఉండి నూనెకు ఇంకో దారి ఇస్తుంది, షాకు మెత్తబడుతుంది. మీ గిన్నెల మోతకు అదే మందు అనిపిస్తుంది. ఖరీదు ఎక్కువ, నాలుగూ కలిపితే వెయ్యి డాలర్ల దాకా పోవచ్చు. మీ ఛాసిస్‌కు ఆ రకం ఉందో లేదో వాళ్ల పట్టికలో చూశాకే ఆశ పెట్టుకోండి. లేకపోతే బిల్‌స్టీనే మేలు, అందులో సందేహం లేదు.

హ్యూస్టన్ నుంచి

గిన్నెల మోతకు వెయ్యి డాలర్లు ఎందుకండీ? స్టీలు గిన్నెల మధ్య పాత తువ్వాలు ముక్కలు వేసి, అరల్లో జారని రబ్బరు చాపలు పరిస్తే సగం తగ్గుతుంది. మీ అమ్మగారు వచ్చాక ఎలాగూ కుక్కరూ, మిక్సీ, రుబ్బిన పిండి డబ్బాలూ చేరతాయి, ఇప్పుడే అలవాటు చేసుకోండి. ఇంకో ముఖ్యమైన మాట. బండి నడుస్తుంటే పెద్దవాళ్లను వెనక మంచం మీద పడుకోనివ్వకండి. సీటు బెల్టు ఉన్న చోటే కూర్చోబెట్టండి.

ఫ్రిస్కో నుంచి

అందరికీ ధన్యవాదాలు. తూకం వేయించాను, నీళ్ల ట్యాంకూ పెట్రోలూ నిండుగా ఉన్నాయి. ముందు 4,100, వెనక 9,700, మొత్తం 13,800 పౌండ్లు. స్టిక్కరు మీద మీరు చెప్పిన అంకెలే ఉన్నాయి. మొత్తం పరిమితికి లోపలే కదా, ఫరవాలేదంటారా? టైర్ల మీద 2113 అని ఉంది, అన్నిటికీ 80 పీఎస్‌ఐ గాలి ఉంది. విన్‌లో పదో అంకె 3. షాకుల్లో వెనక ఎడమది నూనె కారుతోంది. ఇంటి ముందే నేనే మార్చుకోవచ్చా? మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు బండిని రెండు రోజులకు మించి ఉంచనివ్వరు.

శాన్ ఆంటోనియో నుంచి

ఫరవాలేదని అనలేను. మొత్తం లోపలే ఉన్నా వెనక ఇరుసు మీద 250 పౌండ్లు ఎక్కువ. అమ్మానాన్న, వాళ్ల సూట్‌కేసులు ఇంకా ఎక్కలేదు కూడా. వెనక స్ప్రింగులకు తోడుగా ఎయిర్ బ్యాగులు (గాలి తిత్తులు) వేయిస్తే వెనక పైకి లేచి సమంగా కనిపిస్తుంది కానీ ఇరుసు పరిమితి ఒక్క పౌండు కూడా పెరగదు.

మీ నీళ్ల ట్యాంకు ఎక్కడుందో చూడండి. 40 గ్యాలన్లది అయితే నీళ్లే 330 పౌండ్లు. అది వెనక ఇరుసుకు అయిదడుగుల వెనక ఉండి, రెండు ఇరుసుల మధ్య దూరం 18 అడుగులు ఉందనుకుందాం. ఖాళీ చేస్తే వెనక ఇరుసు మీద 420 దాకా తగ్గుతుంది, ముందు ఇరుసు మీద 90 దాకా పెరుగుతుంది. అంటే పరిమితికి లోపలికి వస్తారు, స్టీరింగూ కాస్త బిగుస్తుంది. రెండూ పైసా ఖర్చు లేకుండా. దారికి సరిపడా కొద్దిగా ఉంచుకుని క్యాంపు చేరాక నింపుకోండి. వెనక అరల్లోని బరువైన సామాను ముందుకు జరపండి. మళ్లీ తూచండి, అదే చోట 24 గంటల లోపు అయితే తక్కువ తీసుకుంటారు.

2113 అంటే 2013 నాటి టైర్లు. షాకుల కంటే ముందు వాటికే డబ్బు పెట్టండి, ఆరూ ఒకేసారి. కొత్తవి వేశాక అన్నిటికీ 80 వద్దు. ముందు టైరు ఒక్కోటి 2,050 మోస్తోంది. మీ సైజు ఎల్‌టీ 225/75 ఆర్16, బరువు మోసే స్థాయిలో ఇ రకం అయితే దానికి 65 పెట్టినా మిగులు ఉంటుంది. టైరు కంపెనీ పట్టిక, తలుపు స్టిక్కరు రెండూ ముందు పెట్టుకుని నిర్ణయించండి. వెనకవాటికి మాత్రం తగ్గించకండి. మీ మోతలో కొంత ఆ ముందు టైర్ల గట్టిదనమే.

షాకులు ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. బండి చక్రాల మీద నిలబడి ఉండగానే కిందకు దూరేంత చోటు ఉంటుంది. లెవెలింగ్ జాకీల మీద లేపి మాత్రం కిందకు వెళ్లకండి, అవి బండిని సమం చేయడానికే. చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. బోల్టులు ఇరవై ఏళ్ల తుప్పుతో ఉంటాయి. రెండు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండండి, పొడుగు పిడి పానా దగ్గర ఉంచుకోండి. నూనె కారేది ఒకటే అయినా ఇరుసుకు రెండూ మార్చాలి. బిల్‌స్టీన్ పెట్టె విప్పితే కట్టిన పట్టీ ఉంటుంది. దాన్ని ముందే కోయకండి, కోస్తే లోపలి వాయువు రాడ్డును బయటకు తోసేస్తుంది, చేతులతో నొక్కి పట్టుకోవడం కష్టం. ఒక చివర బోల్టు ఎక్కించి, రెండో చివర దగ్గరికి చేర్చాకే కోయండి. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉండగానే చేయండి, లేకపోతే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.

హెచ్‌ఓఏ వాళ్ల రెండు రోజులు చాలవనిపిస్తే, బండి నిలిపే స్టోరేజీ వాళ్లను ముందే అడగండి. కొన్ని చోట్ల రిపేర్లు చేసుకోనివ్వరు. అన్నీ అయ్యాక మొదటిసారే 287 హైవే మీద అమరిల్లో మీదుగా వెళ్లి కొలరాడో సరిహద్దులోని రాటన్ కనుమ ఎక్కేయకండి, వసంతంలో ఆ దారిలో గాలి చాలా జోరుగా ఉంటుంది. ముందు గాలి లేని ఉదయాన విచిటా ఫాల్స్ దాకా వెళ్లి వచ్చి, ఎలా ఉందో రాయండి.