సమస్యాపూరణం: "పండు తినగ లేక పండ్లు రాలె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఇచ్చిన ఆ పాదంతో ముగిసేలా మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. పళ్ళూడిపోయి పండు తినలేకపోవడం లోకంలో ఉన్నదే. పండు తినలేక పళ్ళూడటం ఎలా? చిక్కు అక్కడే ఉంది. ఆ పండు నిమ్మపండే కావాలి. అరసున్నలు, సరళాదేశాలు వంటి పాత వ్యాకరణ నియమాలు పట్టించుకోవడం లేదు. గణాలు, యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) మాత్రం తప్పకూడదు. ఇంకొక నియమం కూడా ఉంది. నిమ్మ గురించి పద్యంలో చెప్పే మాట నిజమై ఉండాలి. నిమ్మరసానికి లేని మహిమలు అంటగట్టే సందేశాలు ఫోనుల్లో ఇప్పటికే చాలా తిరుగుతున్నాయి. మన పద్యం వాటికి వంత పాడకూడదు.

కెరటం:
కడలి మీద నావ కదలెను నెలలుగా
రొట్టె, మాంస, ముప్పు రోజు తిండి;
చిగురు లుబ్బి రక్తసిక్తము లయ్యెను
పండు తినగ లేక పండ్లు రాలె.

నిర్వాహకుడు:
కెరటం గారూ, రెండో పాదం ఈ పద్యానికి ప్రాణం. రోగం పేరెత్తకుండా ఓడలోని రొట్టె, మాంసం, ఉప్పు తిండి చూపించి, విటమిన్ సి అందక వచ్చే స్కర్వీ రోగాన్ని కళ్ళకు కట్టారు. మూడో పాదంలో చి, సి యతి చెల్లుతుంది. చిగుళ్ళు అనడానికి 'చిగురులు' అన్నారు, పద్యంలో ఇబ్బంది లేదు.

మీ పద్యంలో అతిశయోక్తి లేదు. మన శరీరం విటమిన్ సి తయారు చేసుకోలేదు. అది అందకపోతే కొలాజెన్ సరిగ్గా ఏర్పడదు. చిగుళ్ళనూ, పంటిని ఎముకకు పట్టి ఉంచే కణజాలాన్నీ నిలబెట్టేది ఆ కొలాజెనే. అందుకే స్కర్వీ వచ్చిన నావికుల పళ్ళు నిజంగానే కదిలి ఊడిపోయేవి. 1747లో సాలిస్‌బరీ అనే యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. ఒక జంటకు వెనిగర్, మరొక జంటకు సముద్రపు నీరు, ఇలా ఆరు రకాలు. రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు అందిన జంటలో ఒకడు ఆరు రోజులకే లేచి పనిలోకి వెళ్ళగలిగాడు. లిండ్ దీన్ని 1753లో పుస్తకంగా అచ్చు వేయించినా, బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించేసరికి 1795 వచ్చింది. కళ్ళెదుట కనిపించిన మందు ఓడ ఎక్కడానికి నలభై ఏళ్ళు దాటింది. ఆ మధ్యకాలంలో పోయిన ప్రాణాలను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తోటమాలి:
తలుపు మూసి వారు తరలిరి దూరమ్ము
పెరటి నిమ్మ యేమొ విరగ గాసె
కోయువారు లేరు కొమ్మలు బరువెక్కె
పండు తినగ లేక పండ్లు రాలె.

నిర్వాహకుడు:
పళ్ళను నోట్లోంచి చెట్టు మీదికి మార్చారు. సమస్య విడిపోయింది, బాగుంది. అయితే చివరి పాదంలో 'లేక' అన్నదానికి కర్త కనబడటం లేదు. ఎవరు లేక? 'లేరు' అని మూడో పాదంలోనే వాక్యం ముగించడంతో అన్వయం తెగింది. ఇలా మార్చి చూడండి:

కొమ్మ బరువు పెరిగె, కోయువా రెవ్వరు
పండు తినగ లేక పండ్లు రాలె.

కొత్తకలం:
తోటమాలి గారి చెట్టు కింద రాలిన పళ్ళు వృథా పోకూడదని ఒక పద్యం రాశాను. ఇది సమస్యకు పూరణ కాదు.

ఉప్పు నద్ది నిమ్మ యొక చెక్క చేబట్టి
రాగి చెంబు మీద రుద్ద మెరిసె;
గిన్నె యడుగు పొలుసు గీకకే పోయెను
రాలినట్టి పండె రాణ కెక్కె.

నిర్వాహకుడు:
కొత్తకలం గారూ, నియమం ప్రకారం పోటీలోకి రాకపోయినా దీన్ని వదులుకోలేను. రెండో పాదంలో రా, రు లకు యతి చెల్లదు. ఆ, ఉ లకు మైత్రి లేదు. 'రుద్ద' తీసి 'రాయ మెరిసె' అంటే సరిపోతుంది. మొదటి పాదంలో ఉ, ఒ లకు చెల్లింది.

'గీకకే పోయెను' అన్నది నాకు బాగా నచ్చింది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది చాలావరకు కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం కలిపిన నీళ్ళు పోసి మరిగిస్తే చిన్న చిన్న బుడగలు లేస్తూ ఆ పొలుసు కరిగిపోతుంది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. రాగి మీది మసకను కూడా నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లమే కరిగిస్తుంది, ఉప్పు పలుకులు రాపిడికి పనికొస్తాయి. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే కాబట్టి, ఆ బండ మీద నిమ్మచెక్క పెడితే నునుపు పోయి మచ్చ పడుతుంది. బ్లీచింగ్ ద్రవంతో నిమ్మరసం ఎన్నడూ కలపవద్దు, క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

పలుగురాయి:
బరువు తగ్గునంచు పరగడుపున రోజు
నిమ్మరసము నోట నింపి యుంచె;
మెరుపు పొర కరంగె మెల్లమెల్లగ నయ్యొ
పండు తినగ లేక పండ్లు రాలె.

నిర్వాహకుడు:
పంటి ఎనామిల్‌ను 'మెరుపు పొర' అనడం ఈ వారం వచ్చిన మాటల్లో మేలైనది. నిమ్మరసం పీహెచ్ (ఆమ్లగుణానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 2, 3 మధ్య ఉంటుంది. 5.5 కంటే తగ్గితేనే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నోట్లో నింపి ఉంచితే మీరు చెప్పిన నష్టం తప్పదు. నాలుగో పాదమే నన్ను ఆపింది. ఎనామిల్ అరిగితే పళ్ళు జివ్వుమంటాయి, పసుపు రంగుకు తిరుగుతాయి. అంతమాత్రాన ఊడిపోవు.

పలుగురాయి:
అతిశయోక్తి అలంకారమే కదా! కవికి ఆ మాత్రం చనువు ఉండదా?

నిర్వాహకుడు:
ఉంటుంది. ముఖాన్ని చంద్రుడంటే ఎవరికీ నష్టం లేదు. ఆరోగ్యం విషయంలో అలా కాదు. ఈ పద్యం చదివి భయపడి నిమ్మ మానేసేవారు ఉంటారు. నీళ్ళలో పలచగా కలుపుకుని, ఒకేసారి తాగేసి, తరవాత మామూలు నీళ్ళతో పుక్కిలిస్తే చాలు. వెంటనే పళ్ళు తోమకూడదు, మెత్తబడిన పొర బ్రష్షుకు అరుగుతుంది. కనీసం అరగంట ఆగాలి. బరువు సంగతి కూడా తేటగా చెప్పుకుందాం. నిమ్మరసం కొవ్వును కరిగించదు. చక్కెర పానీయం మానేసి దాని బదులు నిమ్మనీళ్ళు తాగితే ఆ చక్కెర తగ్గిన మేరకే ఫలితం.

పలుగురాయి:
ఒప్పుకున్నాను. మూడో పాదం మార్చాను.

జివ్వుమనుచు నిద్ర చెడి కలగనె నిట్లు
పండు తినగ లేక పండ్లు రాలె.

నిర్వాహకుడు:
భేష్! పళ్ళూడటం కలలోకి వెళ్ళింది, జివ్వుమనడం మెలకువలో నిలిచింది. జి, చె యతి కూడా సరిపోయింది. మొదటి పద్యం కంటే ఇదే గట్టి పూరణ.

ముగ్గుపిండి:
ఆరు దాటె పాప కాడుచు నుండగా
పాల పన్ను లూడె, బామ్మ యనెను:
"వద్దు వద్దటంచు పదునైన పులుపున్న
పండు తినగ లేక పండ్లు రాలె."

నిర్వాహకుడు:
'ఆరు దాటె' అని మొదటి పాదంలోనే అసలు కారణం చెప్పేశారు. పాలపళ్ళు ఆ వయసులో వాటంతటవే ఊడతాయి. కాబట్టి చివరి పాదం బామ్మ ముద్దు మాటగానే మిగిలింది, వైద్యంగా చెలామణి కాదు. సంభాషణలో సమస్యను ఇమడ్చడం పాత పద్ధతే అయినా హాయిగా కుదిరింది. పులుపు వద్దనే పిల్లలకు ఆకుకూర మీద నాలుగు చుక్కలు పిండి పెట్టమని ఆ బామ్మకు నా మాటగా చెప్పండి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి అంత తేలికగా పట్టదు, విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. పొయ్యి మీద నుంచి దించాకే పిండాలి, వేడికి ఆ విటమిన్ నశిస్తుంది.

ఈ వారం మొదటి స్థానం కెరటం గారిది, రెండోది పలుగురాయి గారి సవరించిన పద్యానిది. వచ్చే వారం సమస్య కూడా ఆటవెలదే: "రసము పిండువాని రాయి విడిచె." మూత్రపిండాల్లో రాళ్ళ మీదికి మీ ఆలోచన పోతుందని తెలుసు. నిమ్మలోని సిట్రేటు మూత్రంలోని కాల్షియాన్ని పట్టుకుని, కొత్త రాయి కట్టకుండా అడ్డుపడుతుంది. ఇప్పటికే ఉన్న కాల్షియం రాయిని కరిగించదు. ఆ తేడా చెడకుండా పూరించండి.