దుప్పి వేటకి ఇంట్లో ఇద్దరికీ ఒకే రైఫిల్: .308నా, క్రీడ్‌మోరా, థర్టీ-ఆట్-సిక్సా?

లానో_కొత్తోడు (టెక్సస్)

నమస్కారమండీ. ఆస్టిన్‌లో ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చి రెండేళ్ళయింది, హంటర్ ఎడ్యుకేషన్ పూర్తయింది. ఆఫీసులో ఒక పెద్దాయన లానో దగ్గర తన లీజులో (వేటకని అద్దెకి తీసుకున్న స్థలం) ఈ నవంబరుకి చోటిస్తానన్నాడు. బ్లైండ్ (దాక్కుని కూర్చునే చోటు) నుంచి ఫీడర్ (దుప్పులకి మేత వేసే డబ్బా) 110 గజాలు. ఎడమ పక్క చెట్లు కొట్టేసిన దారి ఒకటుంది, అటు చూస్తే 250 గజాల దాకా కనిపిస్తుంది.

కాలేజీలో ఎన్‌సీసీ .22 తప్ప నేను తుపాకి పట్టింది లేదు. మా ఆవిడ కూడా కొడతానంటోంది. ఆవిడ ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. రెండు రైఫిళ్ళకి బడ్జెట్ లేదు, స్కోపుతో కలిపి వెయ్యి డాలర్లు దాటకూడదు. .308, 6.5 క్రీడ్‌మోర్, థర్టీ-ఆట్-సిక్స్, ఈ మూడు తూటా రకాల్లో దేనికి సరిపోయే రైఫిల్ తీసుకోమంటారు? ముందు వైట్‌టెయిల్ (ఇక్కడి మామూలు దుప్పి), ఆ తర్వాత ఎప్పుడైనా యాక్సిస్ అనే ఇంకో దుప్పి.

పాతతుపాకి (పెన్సిల్వేనియా)

థర్టీ-ఆట్-సిక్స్. ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ? 1906లో అమెరికా సైన్యం కోసం వచ్చిన తూటా, పేరులో ఉన్న ఆ సిక్స్ అదే. రెండు ప్రపంచ యుద్ధాలు చేసింది. నూట పాతిక గ్రెయిన్ల నుంచి 220 దాకా ఏ బరువు కావాలంటే ఆ బరువు దొరుకుతుంది. ఇవాళ దుప్పి అంటావు, రేపు ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పి అంటావు, రైఫిల్ మార్చక్కర్లేదు. కొండల్లో పెట్రోల్ బంకూ కిరాణా కొట్టూ ఒకటే అయిన ఊళ్ళో కూడా అరలో ఒక పెట్టె ఉంటుంది. నేను తూటాలు ఇంట్లో మర్చిపోయి క్యాంపుకి వెళ్ళిన ఏడాది నన్ను కాపాడింది అలాంటి అరే.

క్రీడ్‌మోర్_భక్తుడు (కొలరాడో)

పాతతుపాకి గారూ, సైన్యం కథలు బాగానే ఉన్నాయి కానీ అడిగింది ఐదడుగుల ఒక అంగుళం మనిషికి. ఎనిమిది పౌండ్ల రైఫిల్లో మీ థర్టీ-ఆట్-సిక్స్ వెనక్కి తన్నే తన్ను సుమారు 20 ఫుట్-పౌండ్లు. క్రీడ్‌మోర్‌ది 13 చుట్టుపక్కల. 143 గ్రెయిన్ల తూటా సన్నగా పొడుగ్గా ఉంటుంది, గాలికి అంతగా పక్కకి పోదు, వేగం సెకనుకి 2700 అడుగులు. హార్నడీ వాళ్ళు 2007లో తెచ్చారు, అసలు కాగితం మీద గురి పోటీల కోసం. నేను మ్యూల్ డియర్ కొట్టేది 300 గజాల పైనే. ఇంకో మాట లేదు.

పాతతుపాకి (పెన్సిల్వేనియా)

అతను కూర్చునే చోటు నుంచి ఫీడర్ 110 గజాలు బాబూ. ఆ దూరంలో గాలి ఏం చేస్తుంది?

ఒహాయో_ఊరోడు (ఒహాయో)

అన్నా, మీ ముచ్చట మంచిగనే ఉంది గానీ మా దిక్కు మీరు చెప్పిన మూడిట్ల ఒక్కటి గూడ నడవదు. సీసా మెడ లెక్క మూతి కాడ సన్నగయ్యే తూటాతోని ఒహాయోల దుప్పిని కొట్టొద్దు. గోడలు నిటారుగ ఉన్న తూటానే ఉండాలె. అది గూడ 2014లనే ఒప్పుకున్నరు, అంతకుముందు షాట్‌గన్ స్లగ్గులు, మూతిల నుంచి మందు కూరే తుపాకులే. నేను .350 లెజెండ్ కొన్న, 2019ల వచ్చింది. మొక్కజొన్న చేను గట్టు మీద 80 గజాలకు కొడితే దుప్పి 30 అడుగులు గూడ పోలె. గందుకే చెప్తున్న, తూటా ఏందో అడిగే ముందు నీ రాష్ట్రం రూల్ బుక్కు చూస్కో తమ్మీ. టెక్సస్‌ల అయితే నీ అదృష్టం, .22 లెక్క అడుగు అంచు మీద కొడితే పేలే రిమ్‌ఫైర్ తూటా కాకుంటే చాలు.

హిల్‌కంట్రీ_గోంగూర (టెక్సస్)

లానో పక్క కౌంటీలోనే తొమ్మిదేళ్ళుగా వేటకి వెళ్తున్నాను, కొంచెం వివరంగా రాస్తాను. మొదటి ఏడాది నేను చేసిన పని ఇంకెవరూ చేయకూడదు.

కొట్లో కుర్రాడు ".300 విన్‌మ్యాగ్ తీసుకోండి, ఎప్పటికీ సరిపోలేదనిపించదు" అన్నాడు. తీసుకున్నాను. మా పక్క దుప్పులు ఎంతుంటాయో తెలుసా? పెన్సిల్వేనియా దుప్పి పక్కన నిలబెడితే దూడల్లా ఉంటాయి. వాటికి ఎల్క్‌ని పడగొట్టే తుపాకి. రేంజ్‌లో ఐదు కొట్టేసరికి భుజం కమిలిపోయింది. ఆరోది నుంచి ట్రిగ్గర్ నొక్కేముందే నా కళ్ళు మూసుకుపోతున్నాయి. అది నాకు తెలియదు. ఎవరికీ తమది తమకి తెలియదు, పక్కనున్నవాళ్ళు చూసి చెప్పాలి.

థాంక్స్‌గివింగ్ వారంలో 140 గజాల్లో ఎనిమిది కొమ్మల మగదుప్పి, పక్కకి తిరిగి నిలబడింది. అంతకన్నా తేలికైన గురి ఉండదు. కొట్టాను. నడుం వంచి, వీపు గూనిలా చేసుకుని దేవదారు పొదల్లోకి పోయింది. వెళ్ళి చూస్తే నేల మీద నెత్తురు లేదు. ముదురు వెంట్రుకలు కొన్ని, ఆకుపచ్చ పసరు, పేడ వాసన. ఊపిరితిత్తులకి తగిలితే నెత్తురు గులాబీ రంగులో నురగ కడుతుంది. కాలేయానికైతే నల్లగా చిక్కగా ఉంటుంది. పసరు కనిపిస్తే కడుపుకి తగిలినట్టు. అలా తగిలినప్పుడు కొన్ని గంటలు కదలకుండా వదిలేయాలి, వెంటపడితే ఇంకా దూరం పోతుంది. నేను పావుగంట కూడా ఆగలేదు. రాత్రి పదకొండు దాకా టార్చి పట్టుకుని ముళ్ళలో తిరిగాను. పొద్దున్న గద్దలు తిరుగుతుంటే వాగు దగ్గర దొరికింది, వెనక సగం కయోటీలు తినేశాయి. గురి పెట్టిన చోటికీ తగిలిన చోటికీ పద్దెనిమిది అంగుళాలు తేడా.

ఆ రైఫిల్ అమ్మేసి .243 కొన్నాను. .308 తూటా మూతినే సన్నం చేసి 1955లో తెచ్చారు, తన్ను తొమ్మిది ఫుట్-పౌండ్లకి అటూ ఇటూ. ఎనిమిదేళ్ళలో పదకొండు దుప్పులు, ఒక్కటీ 60 గజాలు దాటి పరిగెత్తలేదు. కాబట్టి లానో_కొత్తోడు గారూ, మీ మూడింట్లో నా జవాబు లేదు.

పాతతుపాకి (పెన్సిల్వేనియా)

బెదురు సంగతి ఒప్పుకుంటాను. కానీ .243 చిన్నపిల్లలకి ఇస్తారు కదా, అదే నాకు నచ్చదు. పిల్లలకి ఇవ్వాల్సింది ఎక్కువ తప్పు సైచే తూటా. దాని 100 గ్రెయిన్ల తూటా భుజం ఎముకకి ఎదురుగా తగిలితే? అనుభవం ఉన్నవాడు ఆ గురి వదిలేస్తాడు, కొత్తవాడు వదలడు.

హిల్‌కంట్రీ_గోంగూర (టెక్సస్)

అది న్యాయమైన మాటే. అయితే థర్టీ-ఆట్-సిక్స్‌తో పొట్టలో కొట్టడం కన్నా .243తో ఊపిరితిత్తుల్లో కొట్టడం మేలు అన్నదగ్గర మాత్రం నేను కదలను.

పచ్చగడ్డి (న్యూజెర్సీ)

నాకో సందేహం. మన దగ్గర చుక్కల దుప్పిని కొడితే జైలు. మీరు యాక్సిస్ అంటున్నది అదే జంతువు. సముద్రం దాటగానే పాపం పోయిందా?

హిల్‌కంట్రీ_గోంగూర (టెక్సస్)

అదే జంతువండీ, నిజమే. మొదటిసారి బ్లైండ్‌లోంచి దాన్ని చూసినప్పుడు నల్లమలలో బస్సు కిటికీలోంచి చూసినట్టే అనిపించి తుపాకి ఎత్తలేకపోయాను. కానీ మన దగ్గర 1972 చట్టం వచ్చింది అడవులు ఖాళీ అయిపోతున్నాయని. ఇక్కడ దాన్ని 1932లో బయటినుంచి తెచ్చి వదిలారు. దాన్ని తినే పులీ లేదు, రేచుకుక్కలూ లేవు. వైట్‌టెయిల్‌ మేతంతా తినేసి, అది అయిపోయాక గడ్డి మీద కూడా బతుకుతుంది. ఆ పని వైట్‌టెయిల్‌కి చేతకాదు. అందుకే టెక్సస్‌లో దానికి సీజనంటూ లేదు, లైసెన్సూ స్థలం యజమాని అనుమతీ ఉంటే ఏడాది పొడుగునా కొట్టొచ్చు. పాపం లెక్క ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. మాంసం మటుకు వైట్‌టెయిల్ కన్నా రుచి. గోంగూరతో వండితే నా పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

రాగితూటా (కాలిఫోర్నియా)

అందరూ గొట్టం గురించే కొట్టుకుంటున్నారు. దుప్పిని చంపేది గొట్టం కాదు, తూటా ముందుభాగం. మాకు 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం తూటా నిషేధం, కాబట్టి రాగి తప్ప దారి లేదు. మొదట తిట్టుకున్నాను. ఇప్పుడు నిషేధం ఎత్తేసినా మారను. సీసం తూటా లోపల చిట్లి, గాయానికి జానెడు దూరం దాకా కంటికి కనపడని ముక్కలు మాంసంలో పోతాయి. ఇంట్లో పిల్లలకి పెట్టే కూర అది. రాగి పువ్వులా విచ్చుకుని ముక్కలు కాకుండా అవతలికి పోతుంది. ఒక్కటే చిక్కు, విచ్చుకోవాలంటే వేగం కావాలి. అందుకని ఒక మెట్టు తేలిక బరువు తీసుకోవాలి. క్రీడ్‌మోర్‌లో 143 బదులు 120, .308లో 165 బదులు 150 లేదా 130.

పాతతుపాకి (పెన్సిల్వేనియా)

ధర కూడా చెప్పు నాయనా. ఆ ధరకి కొత్తవాడు రేంజ్‌లో ఎన్ని కొడతాడు?

రాగితూటా (కాలిఫోర్నియా)

సాధనకి చవకవి, వేటకి రాగివి. కాకపోతే రెండూ ఒకే చోట తగలవు, సీజన్‌కి ముందు రాగితో మళ్ళీ గురి సర్దుకోవాలి. ఈ ముక్క పెట్టె మీద రాయరు.

వీసా_మావయ్య (టెక్సస్)

అడిగినాయనకి గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి గొడవ లేదు. ఇది చదివే హెచ్1బీ పిల్లల కోసం ఒక మాట. వలస వీసా కానిదాని మీద ఉన్నవాళ్ళు తుపాకి కొనడమే కాదు, చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31తో తీరిపోతుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకుండా బీరువాలో తుపాకి ఉంటే మినహాయింపు లేనట్టే. "ఫ్రెండ్‌ది, ఊరికే పట్టుకున్నా" అంటే కుదరదు. ఫోటోలకి పోజులు ఇచ్చేవాళ్ళు కూడా చూసుకోండి.

క్రీడ్‌మోర్_భక్తుడు (కొలరాడో)

అసలు విషయానికి వస్తే, 200 గజాలకి గురి సర్ది 300 దగ్గర చూడండి. .308 సుమారు ఎనిమిది అంగుళాలు కిందికి పోతుంది, క్రీడ్‌మోర్ దానికన్నా అర అంగుళం నయం. అంటే 250 గజాల లోపు రెండూ ఒకటే అని నేనే ఒప్పుకుంటున్నాను, రాసి పెట్టుకోండి. మిగిలింది భుజం. భుజం గురించి అయితే ఇంకా నాదే పైచేయి.

హిల్‌కంట్రీ_గోంగూర (టెక్సస్)

భుజం కన్నా ముందు పొడవు. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనించే తుపాకి మడమ దాకా మామూలు రైఫిల్లో పదమూడున్నర అంగుళాల పైనే ఉంటుంది. పొట్టి చేతులవాళ్ళకి అది చంకలోకి పోతుంది, స్కోప్‌లో నల్లటి చంద్రవంకలు కనిపిస్తాయి, కన్ను దగ్గరికి లాక్కుంటారు, స్కోప్ కనుబొమ్మ మీద కొడుతుంది. పన్నెండున్నర అంగుళాల కాంపాక్ట్ మోడళ్ళు ఉన్నాయి. కొన్నిటికి మడమలో బిళ్ళలు పెట్టి పొడవు పెంచుకోవచ్చు, ఇద్దరికీ అలాంటిదే చూడండి. రోజూ రాత్రి ఖాళీ తుపాకీతో, డమ్మీ తూటా పెట్టి, గొట్టం చివర రూపాయి బిళ్ళ నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కండి. బిళ్ళ పడకుండా వరసగా పది వచ్చేదాకా రేంజ్‌కి డబ్బు తగలేయకండి. గదిలో నిజం తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, గోడ అవతల మనుషులు ఉండకూడదు.

లానో_కొత్తోడు (టెక్సస్)

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. లీజు పెద్దాయన తన నాలుగు రైఫిళ్ళూ రేంజ్‌కి తెచ్చాడు. మా ఆవిడ థర్టీ-ఆట్-సిక్స్ ఒకటి కొట్టి కింద పెట్టేసింది. .308 మూడు కొట్టింది. మూడోదానికి ఆయన చెప్పకుండా డమ్మీ పెట్టాడు, టిక్కుమంది, తూటా పేలకపోయినా బెదురుకి గొట్టం మాత్రం కిందికి ఎగిరి పడింది. ఆవిడ నవ్వింది. తర్వాత నాకూ అదే చేశాడు. నాది ఇంకా ఎక్కువ ఎగిరింది.

నాలుగోది 7ఎంఎం-08. ఇక్కడ ఎవరూ దాని పేరే ఎత్తలేదు! .308 తూటాయే, మూతి 7 మిల్లీమీటర్లకి తగ్గించింది. 140 గ్రెయిన్లు, 2800 అడుగులు. తన్ను .308 కన్నా కొంచెం తక్కువ. డమ్మీ పెట్టినా ఆవిడ గొట్టం కదల్లేదు. కాంపాక్ట్ మోడల్ కొనేశాం, మూడు నుంచి తొమ్మిది రెట్ల స్కోపుతో. 100 గజాల్లో ఆవిడ మూడు గుళ్ళు ఒకటిన్నర అంగుళంలో పడ్డాయి. నావి నాలుగు అంగుళాల్లో.

క్రీడ్‌మోర్_భక్తుడు (కొలరాడో)

1980 నాటి తూటా. సరే, తప్పు పట్టలేను. విసుగొచ్చే మంచి నిర్ణయం.

పాతతుపాకి (పెన్సిల్వేనియా)

నా కిరాణా కొట్టు అరలో అది దొరకదు. చూస్తూ ఉండు, నవంబరు మొదటి శుక్రవారం రాత్రి తూటాల పెట్టె ఆస్టిన్‌లో మర్చిపోయి నాకు ఫోన్ చేస్తావు.

లానో_కొత్తోడు (టెక్సస్)

ఒకే లాటువి ఆరు పెట్టెలు కొన్నాను గురువు గారూ. రెండు అప్పుడే కారు డిక్కీలో ఉన్నాయి.

ఒహాయో_ఊరోడు (ఒహాయో)

డిక్కీల ఎండకు పెట్టకు తమ్మీ, ఇంట్ల పెట్టు. ఇంతకీ నాలుగంగుళాలు కొట్టేటోడికి ఆ రైఫిల్ చెల్లె ఇస్తదా?