తాత ఎల్మార్ లెన్స్ ఎం మౌంట్ కెమెరాకి పడుతుందా?

ప్రశ్న (తిరుపతి నుంచి): తాత ట్రంకుపెట్టెలో పాత లైకా ఎల్మార్ దొరికింది, 50 ఎంఎం ఎఫ్/3.5, స్క్రూ మౌంట్ (కెమెరాకి మరలాగా తిప్పి బిగించేది). నా రేంజ్‌ఫైండర్ కెమెరాది (కిటికీలో రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసేది) ఎం మౌంట్, అంటే గుచ్చి కొంచెం తిప్పితే పట్టేసేది. లోపల మసకగా ఉంది, ఫోకస్ బిగుసుకుపోయింది. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే షోకేసులో పెట్టుకోమన్నారు. అంతేనా?

జవాబు: షోకేసు ఏంటండీ! స్క్రూ మౌంట్‌కి లెన్స్ బిగించే చోటు నుంచి ఫిల్ముకి దూరం 28.8 మి.మీ., ఎం మౌంట్‌కి 27.8, కాబట్టి మధ్యలో 1 మి.మీ. మందం రింగు పడితే చాలు, కెమెరా రేంజ్‌ఫైండర్ కూడా లెన్స్ ఫోకస్‌తో కలిసి పనిచేస్తుంది. మరీ చౌక రింగు మాత్రం కొనకండి, మందంలో కొంచెం తేడా ఉన్నా ఫోకస్ తప్పుతుంది. డిజిటల్ బాడీ అయితే లెన్స్ గొట్టాన్ని కెమెరా లోపలికి నెట్టి మడవొద్దు.

జవాబు (చిత్తూరు): ముందు టార్చ్ వేసి చూడు తమ్ముడూ. సాలెగూడులా దారాలుంటే ఫంగస్, ఉత్త మసకైతే తుడిస్తే పోతుంది, చాలావరకు. బిగుసుకుంది పాత గ్రీజే, బలవంతంగా తిప్పకు. విప్పేటప్పుడు ఫోకస్ గొట్టాల మర చుట్లు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయే చోట గీత పెట్టుకో, మళ్ళీ అక్కడే ఎక్కించాలి. నేను పెట్టుకోక రెండు ఆదివారాలు తలబాదుకున్నా.

ప్రశ్న వేసింది నేనే: థాంక్సన్నా. ఎం42 (ఇంకో రకం స్క్రూ మౌంట్) బయోటార్ లెన్స్ కూడా ఉంది, అదీ పడుతుందా?

జవాబు (చిత్తూరు): అడాప్టర్‌తో పడుతుంది, కానీ అది ఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి లెన్స్ గుండానే చూసే కెమెరా) లెన్సు, రేంజ్‌ఫైండర్ దానితో కలిసి పనిచేయదు. దూరం అంచనా వేసి తిప్పుకోవడమే.