తిరుపతి పిన్‌కోడ్ 517501: గొప్ప సంఖ్యా, మామూలు నంబరా?

అలిపిరి మెట్లు:
517501 ప్రధాన సంఖ్య. 719 వరకు ఉన్న 128 ప్రధాన సంఖ్యల్లో ఏదీ దాన్ని నిశ్శేషంగా భాగించదు. వర్గమూలం 719 దాటి కొంచెమే కాబట్టి ఆపైన చూడక్కర్లేదు. 517499 కూడా ప్రధానమే, అంటే మనది కవల ప్రధాన సంఖ్యల (రెండే తేడా ఉన్న ప్రధానాల) జంటలో పెద్దది. ఇది మామూలు నంబరు కాదని నేనంటా. కాదనేవాళ్ళు రండి.

రేణిగుంట జంక్షన్:
అన్నా, ఆ నంబరు తపాలా శాఖ ఇచ్చింది. 1972లో పిన్ పెట్టినప్పుడు మన వైపుకి 5 వచ్చింది, 517 సార్టింగ్ జిల్లా, చివరి మూడంకెలు పోస్టాఫీసు. ఇందులో గణితం ఏడుండాది? పైగా అయిదు లక్షల దగ్గర సగటున 13 సంఖ్యలకొకటి ప్రధానం. చివర 1 ఉన్నవే తీసుకుంటే దాదాపు అయిదింట ఒకటి. అది తగలడం కూడా గొప్పేనా?

ఏడుకొండల భక్తుడు:
తిరుమల 517504 చూడండి. 2ని ఏడుసార్లు గుణించి, 13తో, 311తో గుణిస్తే సరిగ్గా వస్తుంది. ఏడు కొండలు, ఏడు రెండ్లు! కాకతాళీయమంటారా?

రేణిగుంట జంక్షన్:
అంటా సామీ. పది రెండ్లు వచ్చుంటే దశావతారాలనేవాళ్ళు.

అలిపిరి మెట్లు:
కొండల లెక్క నాది కాదు. అంకెల మొత్తం 19 అనేది కూడా నేను పట్టించుకోను, ద్విసంఖ్యామానంలో (0, 1 అంకెలతోనే) రాస్తే అది మారిపోతుంది. ఎట్లా రాసినా మారనివి వేరే ఉన్నాయి. 517501ని 4తో భాగిస్తే శేషం 1. అట్లాంటి ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తమే అని గణితజ్ఞుడు ఫెర్మా చెప్పాడు, తర్వాత ఇంకో గణితజ్ఞుడు ఆయిలర్ నిరూపించాడు. 699² + 170² వేసి చూడండి. అదీ ఒకే ఒక్క విధంగా. నంబరు ఎవరిచ్చారంటే ఏముంది, 1729 టాక్సీ నంబరు కాదా? జబ్బుపడ్డ రామానుజన్‌ని చూడ్డానికి ఇంగ్లీషు గణితజ్ఞుడు హార్డీ ఆ టాక్సీలోనే వచ్చాడు. హార్డీకి అది చప్పగా కనిపించింది, రామానుజన్‌కి కనిపించలేదు.

రేణిగుంట జంక్షన్:
రామానుజన్ ఊరికే చెప్పలేదు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల సంఖ్యల్లో ‘అన్నిటికన్నా చిన్నది’ అన్నాడు. ఆ మాటతోనే 1729 ఒంటరిగా నిలబడింది. నీ ఫెర్మా లక్షణం ఉన్న ప్రధానాలు అనంతం. గుంపులో ఉండే లక్షణం చెప్పి ఒక్కదాన్ని గొప్పదంటే ఎట్లా? 517501 ఒక్కదానికే చెల్లే మాట ఒకటి చెప్పు, ఒప్పుకుంటా.

చిత్తూరోడు:
ఒకే విధంగా అని మురిసిపోతా ఉండారే! మా 517001 ప్రధానం కాదు, 37 × 89 × 157. కానీ ఆ మూడూ 4తో భాగిస్తే 1 మిగిలేవే, అందుకని రెండు వర్గాల మొత్తంగా నాలుగు విధాల వస్తుంది. 715² + 76², 701² + 160², 676² + 245². నాలుగోది తిరుపతోళ్ళు పట్టండి చూద్దాం.

అలిపిరి మెట్లు:
560² + 451². రేణిగుంటన్న అడిగిన మాటే ఇంకా వెతుకుతా ఉండా.