కంటి గాయానికి పరిహారం: కమిషనర్ ఎదుట వాయిదాలు, బయట రాజీ బేరం

ప్రశ్న

మా తమ్ముడు హైదరాబాదు శివారులోని ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో నెలకు 18,000 రూపాయల జీతానికి పనిచేసేవాడు. 2023 మార్చిలో ఇనుప యాంగిల్ కోస్తుండగా గ్రైండర్ చక్రం పగిలి, ముక్క కుడికంట్లో గుచ్చుకుంది. ఆపరేషన్లు చేసినా చూపు రాలేదు, కనుగుడ్డు మాత్రం నిలిచింది. అప్పటికి అతనికి 30 ఏళ్లు. షెడ్డులో ఆరుగురే పనివాళ్లు కావడంతో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లేదు. 2024లో పరిహారం కోసం, ఇలాంటి కేసులు విచారించే కమిషనర్ ఎదుట దరఖాస్తు వేశాము. ఒకసారి యజమాని తరఫు బీమా కంపెనీ వకీలు రాలేదని, మరొకసారి యజమాని ఊళ్లో లేరని వాయిదాలు పడుతూనే ఉన్నాయి. రక్షణ కళ్లద్దాలు ఇచ్చినా పెట్టుకోలేదని యజమాని కౌంటరు వేశారు. ఇప్పుడేమో లక్షన్నర ఇస్తాను, కాగితం మీద రాజీ రాసివ్వమంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం 1

ముందుగా ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. ప్రమాదం 2023 నాటిది కనుక 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టమే వర్తిస్తుంది. పరిహారపు హక్కును వదులుకునే ఒప్పందం 17వ సెక్షను ప్రకారం చెల్లదు. రాజీ కుదిరినా దాన్ని కమిషనర్ వద్ద నమోదు చేయించాలి, మొత్తం మరీ తక్కువగా ఉంటే ఆయన నమోదుకు నిరాకరించవచ్చు. ఎలాగూ చెల్లదు కదా అని సంతకం పెడితే, తర్వాత ఆ సంగతి నిరూపించే భారం మీ నెత్తినే పడుతుంది.

లక్షన్నర ఎంత తక్కువో లెక్క వేసి చూడండి. జీతం 18,000 అయినా చట్టం 15,000 వరకే లెక్కిస్తుంది. అందులో 60 శాతం, అంటే 9,000ను 30 ఏళ్ల వయసుకు చట్టం నిర్ణయించిన గుణకం 207.98తో హెచ్చవేస్తే 18,71,820 వస్తుంది. కనుగుడ్డు వికృతం కాకుండా ఒక కంటి చూపు పోయి, రెండోది బాగుంటే చట్టంలోని మొదటి షెడ్యూలు (ఏ గాయానికి ఎంత శాతమో చెప్పే పట్టిక) ప్రకారం అందులో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు రావాలి. వైద్య ఖర్చులు దీనికి అదనం. పరిహారం ప్రమాదం నాటి నుంచే బాకీ పడుతుందని సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో చెప్పింది. నెలలోగా చెల్లించకపోతే ఏటా 12 శాతం సాధారణ వడ్డీ పడుతుంది కాబట్టి, వాయిదాలతో ఏడాది గడిస్తే 67 వేల పైచిలుకు పెరుగుతుంది. సరైన కారణం లేని జాప్యానికి అసలులో సగం వరకు జరిమానా కూడా వేయవచ్చు.

దరఖాస్తును మూడు నెలల్లో తేల్చాలని 25-ఏ సెక్షను చెబుతోంది. ఆ సెక్షనును ఉటంకిస్తూ మెమో దాఖలు చేసి, గైర్హాజరైన పక్షాన్ని ఎక్స్ పార్టీ చేయమని, అంటే వాళ్లు లేకుండానే విచారణ సాగించమని అడగండి.

సమాధానం 2

నేను కార్మిక సంఘంలో ఇలాంటి కేసుల వెంట తిరిగేవాణ్ని. పై వివరాలకు తోడు వైద్య కాగితాల గురించి ఒక మాట చెప్పాలి. ఒక కంటి చూపు పాక్షికంగా పోతే షెడ్యూలు ఇచ్చేది 10 శాతమే. అందుకే బీమా వకీలు డాక్టరును బోనులో నిలబెట్టి, ఆ కంటితో చేతి వేళ్లు లెక్కపెట్టగలడా, వెలుతురు తెలుస్తుందా అని తరచి తరచి అడుగుతారు. ఆ కంటికి చూపు ఎంత మిగిలిందో సర్టిఫికెట్లో స్పష్టంగా రాయించుకోండి.

మొదటి రోజు ఓపీ చీటీ కూడా చూడండి. ఆసుపత్రికి తీసుకువెళ్లిన సూపర్‌వైజర్లు పోలీసు కేసు తప్పించుకోవడానికి "ఇంట్లో దెబ్బ తగిలింది" అని రాయించడం మామూలే. అలా ఉంటే తోటి పనివాడి సాక్ష్యం తప్పనిసరి.

కళ్లద్దాల వాదనకు భయపడనక్కర్లేదు. ఏమరుపాటు ఒక్కటే యజమానిని తప్పించదు, కార్మికుడు బుద్ధిపూర్వకంగా పెట్టుకోలేదని ఆయనే రుజువు చేయాలి. ఎప్పుడు ఇచ్చారు, ఏ రిజిస్టరులో సంతకం తీసుకున్నారు, పెద్ద చక్రం పట్టడానికి గ్రైండర్ గార్డు (చక్రాన్ని కప్పే రక్షణ కవచం) ఊడదీసి ఉంటే అది చేయించింది ఎవరు అని మీ వకీలు అడగాలి.

ప్రశ్న అడిగినవారు

చీటీలో "పని చేస్తుండగా" అనే ఉంది. జరిమానా కూడా బీమా కంపెనీయే కడుతుందా?

సమాధానం 1

కట్టదు, జాప్యం యజమానిది కనుక జరిమానా ఆయన జేబులోంచే పోవాలి. అయితే జరిమానా వేసే ముందు కమిషనర్ ఆయనకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి కాబట్టి, ఆ మేరకు విడిగా దరఖాస్తు పెట్టించండి.